గ్రీజు నిపుల్ ఒక చుట్టు ఎక్కి ఆగిపోతోంది, ఇది అసలు ఏ త్రెడ్డు?

చర్లపల్లి_మెయింటెనెన్స్
మా యూనిట్‌లో సెకండ్‌హ్యాండ్ జపాన్ మౌల్డింగ్ మెషిన్ ఒకటుంది. టాగిల్ (మౌల్డుని తెరిచి మూసే లింకులు) దగ్గర తొమ్మిది గ్రీజు పాయింట్లు. పాత నిపుల్స్ (గ్రీజు గన్ తగిలించే చిన్న మూతులు) తలలు అరిగిపోయి గన్ పట్టడం లేదు, అన్నీ ఒకేసారి మార్చేద్దామని విప్పేశా. మాన్యువల్‌లో పార్ట్ పక్కన "పీటీ 1/8" అని ఉంది. రాణిగంజ్‌లో ఒక షాపులో ఆ పేజీ ఫొటో చూపిస్తే "ఎన్‌పీటీయే సార్, ముందు అక్షరం ప్రింటు పడలేదు" అని ప్యాకెట్ చేతిలో పెట్టారు.
ఎక్కిస్తే చేత్తో ఒక చుట్టు, పానా వేస్తే ఇంకో చుట్టు. అంతే, అక్కడితో మొండికేస్తోంది. గన్ కొడితే గ్రీజు లోపలికి పోకుండా త్రెడ్డు పక్క నుంచి సేమియాలా బయటికొస్తోంది. ఎనిమిది హోల్స్‌లో ఇదే కథ. ఒక్క తొమ్మిదోదాంట్లో మాత్రం రెండున్నర చుట్లు హాయిగా పోయి తర్వాత బిగిసింది. సోమవారం పొద్దున షిఫ్టుకి మెషిన్ నడవాలి. ఏం చేయాలి?

పానా13
త్రెడ్డు గురించి త్రెడ్డు. మొదలెట్టండి.

లారీ_సత్తెన్న
అన్నా టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి గట్టిగ గుంజు. కారుడు బంద్.

బాలానగర్_లేత్
సత్తెన్నా, జర ఆగు. గది నీళ్ల నల్లా కాదు. టేపు పోగులు ఊడి గ్రీజుతోని లోపలికి పోతే దారి మూసుకుంటది. పిన్ను ఎండిపోయి పట్టేసినంక టాగిల్ మొత్తం విప్పాలె.
తమ్మీ, నువ్వు ఇగ పానా పెట్టకు. ఇంకో చుట్టు తిప్పినవంటే హోల్ త్రెడ్డు కరాబైతది, తర్వాత సరైన నిపుల్ తెచ్చినా కూసోదు. పాత నిపుల్స్ ఉన్నయా, పారేసినవా?

చర్లపల్లి_మెయింటెనెన్స్
ఉన్నాయన్నా. డీజిల్ డబ్బాలో వేసి పెట్టా, తొమ్మిదీ ఉన్నాయి.

బాలానగర్_లేత్
బతికినవ్.

వెర్నియర్_రాణి
"పీటీ" అంటే ఎన్‌పీటీలో ఎన్ ఎగిరిపోవడం కాదు. జపాన్ వాళ్ల పాత డ్రాయింగ్స్‌లో పీటీ అంటే టేపర్ (కొస వైపు సన్నబడే) పైపు త్రెడ్డు, పీఎఫ్ అంటే ప్యారలల్ (అంతా ఒకే లావు) పైపు త్రెడ్డు. రెండూ బ్రిటిష్ (బీఎస్‌పీ) కుటుంబమే. కొత్త డ్రాయింగ్స్‌లో అదే పీటీని బయటి త్రెడ్డుకి ఆర్ అనీ, లోపలి టేపర్ త్రెడ్డుకి ఆర్‌సీ అనీ రాస్తారు, పీఎఫ్‌ని జీ అని రాస్తారు. మన దేశంలో ఐఎస్ 554 ప్రమాణం కూడా ఈ టేపర్ కుటుంబమే. ఎన్‌పీటీ అమెరికా వాళ్లది, అది పూర్తిగా వేరు.
మీ చేతిలో వెర్నియర్, పిచ్ (పక్కపక్క త్రెడ్డుల మధ్య దూరం) చూసే గేజు ఉన్నాయా? ఉంటే పాతవి డీజిల్‌లోంచి తీసి, బ్రష్షు కొట్టి, కొలతలు పెట్టండి. ఊహలొద్దు.

కోనసీమ_ఇంజనీర్
రాణి గారూ, వేరు అంటే ఎంత వేరండి? రెండూ 1/8, రెండూ టేపరు. నేను కూకట్‌పల్లి వచ్చిన కొత్తలో ఇవి రెండూ ఒకదాంట్లో ఒకటి ఎక్కించిన మాట వాస్తవం. పనిచేశాయి కూడా.

వెర్నియర్_రాణి
పనిచేశాయా, కారుతున్నా మీరు చూడలేదా?
1/8 బీఎస్‌పీ: అంగుళానికి 28 త్రెడ్డులు, అంటే పిచ్ 0.907 మి.మీ., కోణం 55 డిగ్రీలు, బయటి వ్యాసం 9.73.
1/8 ఎన్‌పీటీ: అంగుళానికి 27, పిచ్ 0.941, కోణం 60, వ్యాసం లావు కొస దగ్గర 10.29.
ఒక్క త్రెడ్డుకి తేడా 0.034 మాత్రమే. అందుకే మొదట్లో ఒప్పుకున్నట్టు నటిస్తుంది. పైగా ఎన్‌పీటీ సన్న కొస కూడా దాదాపు 9.98 ఉంటుంది. బీఎస్‌పీ హోల్ మూతి దగ్గరే అది లావైపోతుంది. ఒక చుట్టు ఎక్కి ఆగిందంటే ఆశ్చర్యం లేదు. రెండో చుట్టు త్రెడ్డులో కూర్చోలేదు, ఇనుముని ఒరుసుకుంటూ పోయింది.

కోనసీమ_ఇంజనీర్
అప్పట్లో నేను ఎక్కించింది బీఎస్‌పీ మగదాన్ని ఎన్‌పీటీ ఆడదాంట్లోకి అనుకుంటానండి. లోపలికి సర్రున పోయింది.

వెర్నియర్_రాణి
అది తిరగబడిన కేసు. సన్నది లావుదాంట్లోకి పోతుంది, లోపల ఊగుతుంది. ఎక్కినంత మాత్రాన సరైనదని కాదు.

కొత్త_అప్రెంటిస్
ఒక డౌటు. 1/8 అంగుళం అంటే 3.17 మి.మీ. కదా. మరి 9.73 ఎలా అయ్యింది? మూడింతలు ఉంది. ఇక్కడ ఎవరూ అడగట్లేదు, నాకొక్కడికే వింతగా ఉందా?

పానా13
అడిగాడండీ పిల్లాడు. రాణిగంజ్ మొత్తం ముప్పై ఏళ్లుగా దాచిన రహస్యం.

బాలానగర్_లేత్
మంచి ప్రశ్న, నవ్వకుండ్రి. అది పైపు పేరు, త్రెడ్డు కొలత కాదు. ఎనుకట పైపు లోపలి బొక్కను బట్టి పేరు పెట్టిండ్రు. పైపు గోడ మందం మీద బయట త్రెడ్డు కోస్తరు కాబట్టి త్రెడ్డు లావుగ వస్తది. పైపులు మారినయి గని పేరు మారలే. అందుకే సూత్ (అంగుళంల ఎనిమిదో వంతు) లెక్క ఇక్కడ పనికిరాదు. "ఒక సూత్ నిపుల్" అంటే కొత్తోడు నిజంగనే 3 మి.మీ.ది ఎతుకుతడు.
ఇగ ఈ 55, 60 లొల్లి ఎక్కడిదంటే, 1841ల ఇంగ్లండుల విట్‌వర్త్ 55 డిగ్రీలు పెట్టిండు. 1864ల అమెరికాల సెల్లర్స్ 60 పెట్టిండు. ఇద్దరు కూసొని చాయ్ తాగితే అయిపోయేది. తాగలే. మనం ఇప్పటికి బాధపడుతున్నం.

పానా13
ఇరానీ హోటల్ లేకపోవడం వల్ల వచ్చిన నష్టం.

రాణిగంజ్_కౌంటర్
అందరూ షాపోళ్లనే అంటున్నరు కాబట్టి మా దిక్కు మాట కూడా వినుండ్రి. వచ్చేటోళ్లల్ల పదిమందికి ఎనిమిది మంది శాంపిల్ తేరు. ఫోన్ల ఫొటో చూపిస్తరు, అది కూడా గ్రీజు పూసుకొని. ఫొటోల 27 ఎట్ల కనబడతది, 28 ఎట్ల కనబడతది? ఇంకొందరు "గ్రీజు నిపుల్ ఇయ్యి, పెద్దది" అంటరు. పెద్దది అంటే ఎం10 (10 మి.మీ. మెట్రిక్ త్రెడ్డు) నా, 1/8నా? మా ట్రేలల్ల అవి రెండు పక్కపక్కనే ఉంటయి, చూడటానికి కవల పిల్లలు. ఒకటి చెయ్యి జారి ఇంకో ట్రేల పడ్డదంటే నేను కూడా గేజు లేకుండ చెప్పలేను.
కనీసం పాతదొకటి జేబుల ఏసుకొని రాండ్రి భాయ్. పీటీని ఎన్‌పీటీ చేసుడు మాత్రం తప్పే, ఒప్పుకుంటున్న. ఆ షాపు నాది కాదు.

పానా13
"ఆ షాపు నాది కాదు" – ఈ వాక్యం ఫ్రేము కట్టించాలి.

లారీ_సత్తెన్న
ఇంత లెక్కలెందుకు. మా ఆటోనగర్‌ల సీదా పద్ధతి. చూడీలు (త్రెడ్డులు) కలవకుంటే 9 మి.మీ. డ్రిల్లు, త్రెడ్డు కోసే ఎం10×1 (1 మి.మీ. పిచ్) ట్యాపు, కొత్త నిపుల్. పది నిమిషాలు. తొమ్మిదింటికి గంటన్నర. ఎం10 ఏ గల్లీల అయినా దొరుకుతది, ఈ జపాన్ నకరాలు ఉండయి.

పానా13
చూడీలు కావాలంటే లాడ్‌బజార్ పోవాలె సత్తెన్నా, ఆటోనగర్ ఎందుకు? సైజు కూడా చేతికి ఎక్కించి చూసి ఇస్తరు.

లారీ_సత్తెన్న
గాజులోడు నీకన్న నయం, ఎక్కకపోతే సబ్బు రాస్తడు గని సుత్తె పట్టడు.

బాలానగర్_లేత్
సత్తెన్నా, నువ్వు చెప్పిన పని లారీ షాకిల్ పిన్నుకి నడుస్తది. ఇక్కడ ఎందుకు వద్దంటున్ననో చెప్త. పాత హోల్‌ల 0.907 పిచ్ గాట్లు ఉన్నయి, 9.73 దాక లోతు. నువ్వు 9 డ్రిల్లు ఏసినా ఆ గాట్ల అడుగు భాగం అట్లనే మిగుల్తది. దాని మీద 1 మి.మీ. పిచ్ ట్యాపు కొడితే కొత్త గాట్లు పాత గాట్ల మీదికెళ్లి అడ్డం పోతయి. ఒక చుట్టు కాడ కలుస్తయి, ఐదారు చుట్లకి పూర్తిగ తప్పుతయి. మిగిలిన ఇనుము చూస్తే ఎలకలు కొరికినట్టు ఉంటది. పైకి నిపుల్ బిగుస్తది, గన్ ప్రెజర్ వచ్చినప్పుడు ఆ సందుల నుంచే గ్రీజు దారి చూసుకుంటది.
మంచి హోల్‌ని కరాబు చేసి కరాబు నిపుల్‌కి జత చేసుడు ఎందుకు? ఎనిమిది రూపాయల నిపుల్ మార్చు, ఎనిమిది వేల హౌసింగ్‌ని కాదు.

లారీ_సత్తెన్న
ఎనిమిది రూపాయలకు ఎక్కడ దొరుకుతున్నది అన్నా? అడ్రస్ పెట్టు.

రాణిగంజ్_కౌంటర్
నాక్కూడా పెట్టు.

నారపల్లి_ఎర్త్‌మూవర్
నాది వేరే బాధ, కానీ ఇదే జాతి. అమెరికా డిజైన్ పాత డోజర్ ఒకటి ఉండేది. పిల్లాడు ఎం6 నిపుల్స్ తెచ్చి పెట్టాడు. చేత్తోనే ఆఖరుదాకా పోయాయి, మంచిగా కూర్చున్నాయని సంబరపడ్డాం. మూడో రోజు చూస్తే నాలుగు మాయం, బురదలో పడ్డాయి. అవి 1/4-28 యూఎన్‌ఎఫ్ (అమెరికా అంగుళం త్రెడ్డు, అంగుళానికి 28) హోల్స్. 6.35 దాంట్లో 6.0 ది పోతే ఊగక ఏం చేస్తుంది. దాని పిచ్ కూడా 0.907 అని అప్పుడు తెలిసింది. అంటే మీ 1/8 బీఎస్‌పీ పిచ్చే. పిచ్ గేజులో 28 బ్లేడు కూర్చుంది కదా అని బీఎస్‌పీ అనేస్తే అది కూడా తప్పే. వ్యాసం, పిచ్ రెండూ చూడాలి.

సీఎన్‌సీ_పటాన్‌చెరు
లూబ్రికేషన్ లైన్లలో ఇంకా ఘోరం. 4 మి.మీ. ట్యూబు నట్లు కొన్ని ఎం8×1, కొన్ని 5/16-24. వ్యాసం 8.0 కి 7.94. వెర్నియర్‌లో అరిగిన ఎం8 కూడా 7.9 చూపిస్తుంది. పిచ్ 1.0 కి 1.058. మూడు చుట్లు ఏ తేడా తెలియదు, నాలుగో చుట్టు ఇత్తడి నట్టు ప్రాణం తీస్తుంది. లీనియర్ గైడు బ్లాకుల మీద ఎం6×0.75 ఉండేవి కూడా ఉన్నాయి, అక్కడ మామూలు ఎం6×1 పెట్టి అల్యూమినియం ఎండ్ క్యాపు... వద్దులెండి, ఆ రోజు గుర్తుచేయకండి.

పానా13
చెప్పు చెప్పు. ఏడవడానికే ఇక్కడికొస్తాం అందరం.

చర్లపల్లి_మెయింటెనెన్స్
కొలిచా. లైటు కింద కూర్చుని ఒక్కోటి రెండుసార్లు.
పాతవి ఎనిమిది: కొస దగ్గర 9.5, హెక్స్ దగ్గర 9.8 నుంచి 9.85. పిచ్ గేజులో విట్‌వర్త్ వైపు 28 బ్లేడు వెలుతురు కనపడకుండా కూర్చుంది. అంటే రాణి గారు చెప్పిన టేపర్ బీఎస్‌పీయే.
కొత్త ప్యాకెట్‌వి: కొస 9.95, హెక్స్ దగ్గర 10.3. 28 బ్లేడు పెడితే రెండో పన్ను దగ్గరే పక్కకి జరిగిపోతోంది.
ఇక తొమ్మిదో పాత నిపుల్. ఇది 9.9 ఉంది! ఎన్‌పీటీ లాగే. అంటే ఆ ఒక్క హోల్ ఎన్‌పీటీ అనుకోవాలా? కొత్తది రెండున్నర చుట్లు పోయింది కూడా అందులోనే.

కోనసీమ_ఇంజనీర్
అదేనండి. ఎవరో ఒకప్పుడు ఎన్‌పీటీ ట్యాపుతో శుభ్రం చేసుంటారు. ఆ ఒక్కదానికి ప్యాకెట్‌లో నిపుల్ వాడేయండి, మిగతావి వాపసు ఇచ్చేయండి. కథ కంచికి.

రాణిగంజ్_కౌంటర్
గ్రీజు అంటిన సామాన్ వాపసు తీసుకోరు.

వెర్నియర్_రాణి
కంచికి అప్పుడే పంపకండి. తొమ్మిదోదాన్ని ఎక్కడ కొలిచారు? కొసలోనా, మొదట్లోనా? ఒక్క అంకె చెప్పారు. మిగతావాటికి రెండు చెప్పారు.

చర్లపల్లి_మెయింటెనెన్స్
నిజమే. మళ్లీ చూస్తా.

వెర్నియర్_రాణి
ఇంకో పని చేయండి. వెర్నియర్ దవడ కొసలు ఒక త్రెడ్డు శిఖరం మీద పెట్టి, దాన్ని ఒకటిగా లెక్కపెట్టి ఆరో శిఖరం దాకా కొలవండి. బీఎస్‌పీ అయితే 4.5 దగ్గర, ఎన్‌పీటీ అయితే 4.7, ఎం10×1 అయితే నిండా 5.0 వస్తుంది. ఒక్క పిచ్ కొలిస్తే చేతి వణుకులో కలిసిపోతుంది, ఐదు కలిపితే బయటపడుతుంది.

కొత్త_అప్రెంటిస్
టేపర్ ఉందో లేదో చూస్తే సరిపోదా? టేపర్ ఉంటే పైపు త్రెడ్డు, లేకపోతే మెట్రిక్.

బాలానగర్_లేత్
సరిపోదు బిడ్డా. జర్మన్ ప్రమాణం డిన్ 71412 నిపుల్స్‌ల మెట్రిక్ కూడా టేపర్‌తోనే వస్తయి. ఎం6, ఎం8, ఎం10 అన్ని. చిన్న త్రెడ్డు, పదహారుకి ఒకటి వాలు. బీఎస్‌పీ టేపర్ గదే వాలు, ఎన్‌పీటీ గదే వాలు. ఆరు మి.మీ. పొడవుల 0.37 తేడా, కంటికి ఆనదు. వాలు చూసి కులం చెప్పలేం.

పానా13
వాలు చూసి కులం. అన్నా ఇది పొలిటికల్ ఫోరం కాదు.

చర్లపల్లి_మెయింటెనెన్స్
తొమ్మిదోది: కొసలో 9.92, హెక్స్ దగ్గర 9.92. టేపర్ అసలు లేదు. ఐదు త్రెడ్డులకి 5.0, మూడుసార్లు కొలిచినా 5.0 యే. మెట్రిక్ వైపు 1.0 బ్లేడు చక్కగా కూర్చుంది. ఎం10×1.
హోల్‌లోకి టార్చి వేసి చూశా. బాలానగర్ అన్న చెప్పినట్టే ఉంది, త్రెడ్డు మీద త్రెడ్డు. లోపల అక్కడక్కడ ఇనుము పళ్లు ఊడినట్టు ఉంది.

బాలానగర్_లేత్
చూసినవా. మన సత్తెన్న లాంటోడే ఎవరో నీకన్న ముందు వచ్చిపోయిండు.

లారీ_సత్తెన్న
నేను జపాన్ పోలే అన్నా. 😄

కోనసీమ_ఇంజనీర్
నా ఎన్‌పీటీ సిద్ధాంతం వెనక్కి తీసుకుంటున్నానండి. కానీ ఎన్‌పీటీది అందులో రెండున్నర చుట్లు ఎలా పోయింది?

వెర్నియర్_రాణి
ఎన్‌పీటీ కొస 9.95, హోల్ 10. సందు ఉంది, రానిచ్చింది. తర్వాత ఒక్కో చుట్టుకి పిచ్ 0.06 చొప్పున తప్పుతూ, ఇంకోవైపు టేపర్ లావెక్కుతూ వచ్చింది, రెండూ కలిసి పట్టేశాయి. ఎనిమిదీ ఒకలా ప్రవర్తించి ఒకటి వేరేలా ప్రవర్తించిందని ఆయన మొదటి పోస్టులోనే రాశారు. మనలో ఒక్కరం పట్టించుకోలేదు, నాతో సహా.

నారపల్లి_ఎర్త్‌మూవర్
నా పద్ధతి చెప్తా, లెక్కలు రానివాళ్లకి. కచ్చితంగా తెలిసిన నిపుల్స్ ఒక్కోటి తీసుకుని (ఎం6, 1/4-28, ఎం8×1, ఎం8×1.25, 5/16-24, ఎం10×1, 1/8 బీఎస్‌పీ, 1/8 ఎన్‌పీటీ) బైండింగ్ వైరుకి గుచ్చి ఒక్కోదానికి రేకు బిళ్ల కట్టా. తాళం గుత్తిలా ఉంటుంది. కొత్త మెషిన్ వస్తే హోల్ శుభ్రం చేసి, పానా లేకుండా వేళ్లతో మాత్రమే ఎక్కించి చూస్తా. టేపర్‌ది ఊగకుండా మూడు చుట్లు మెత్తగా పోయి, అప్పుడు నిదానంగా బిగుసుకోవాలి. ఒకటి దగ్గరే మొరాయించినా, ఆఖరుదాకా లూజుగా పోయినా కాదన్నట్టే.

కొత్త_అప్రెంటిస్
పాత నిపుల్ లేదు, గుత్తి లేదు, హోల్ మాత్రమే ఉంది. అప్పుడు?

నారపల్లి_ఎర్త్‌మూవర్
సబ్బు. మెత్తబడిన బట్టల సబ్బు ముక్కని హోల్ కంటే కొంచెం లావుగా చెక్కి, లోపలికి నొక్కి, మరలా తిప్పుతూ బయటికి తీయి. గాట్లు అచ్చు పడతాయి. వ్యాసం నమ్మకు, పిచ్ మాత్రం గేజుతో కొలవచ్చు. తర్వాత హోల్ డీజిల్‌తో బాగా కడుగు.

పానా13
చూడీలకి సబ్బు అని సత్తెన్న ముందే చెప్పిండు. మహానుభావుడు.

చర్లపల్లి_మెయింటెనెన్స్
ఎనిమిదింటికి దారి దొరికింది. తొమ్మిదోదానికి ఏం చేయను? ఎం10×1 కొత్తది పెట్టి వదిలేయనా, ఇంకేమైనా ఉందా? ఆ పాయింటు దగ్గర ఎప్పుడూ గ్రీజు కారిన మరక ఉండేది, ఇప్పుడు అర్థమైంది ఎందుకో.

బాలానగర్_లేత్
రెండు దారులు.
సోమవారం మెషిన్ నడిపించాలంటే కొత్త ఎం10×1 తెచ్చి, హోల్, నిపుల్ రెండు సాల్వెంట్‌తోని కడిగి ఆరబెట్టి, త్రెడ్డు మధ్యల యానరోబిక్ (గాలి తగలని చోట గట్టిపడే) సీలెంట్ రెండు చుక్కలు. కొస రెండు త్రెడ్డులకి పెట్టకు, లోపలికి కారి గ్రీజు దారిల గడ్డ కడతది. రాత్రంత ముట్టకు. గన్ మెల్లగ కొట్టు.
పక్కా పని కావాలంటే, హౌసింగ్ గోడ మందం చూసి 11.8 డ్రిల్లు, 1/4 బీఎస్‌పీ ప్యారలల్ ట్యాపు. దాంట్ల 1/4 నుంచి 1/8 బుష్, దాని మీద మిగతా ఎనిమిదింటి లాంటి నిపులే. అప్పుడు తొమ్మిది ఒక్క తీరు ఉంటయి, నీ తర్వాత వచ్చెటోడు తిట్టడు. హోల్ నిలువుగ తియ్యాలె, చేతి డ్రిల్లుతోని వంకర పోతది. మాగ్నెట్ బేస్ డ్రిల్లు దొరికితే తెచ్చుకో.
అసలు మాట చెప్పుడు మర్సిన. డ్రిల్లు పెట్టే ముందు లోపలి దారిల గట్టి గ్రీజు ముద్ద కుక్కు. ట్యాపు గాడులల్ల కూడా గ్రీజు నింపు. రజను (ఇనుప పొడి) దానికి అంటుకొని వస్తది. సగం చుట్టు ముందుకి, పావు చుట్టు ఎనకకి. మధ్య మధ్యల తీసి తుడువు. ఆఖరుకి ఆ ముద్దని వైరు కొక్కెంతోని బయటికి గుంజు. గాలి గొట్టం మాత్రం పెట్టకు. గాలి కొడితే రజను సీదా పిన్నుకి పోతది, అప్పుడు నువ్వు గ్రీజు కాదు, గరుకు కాయితం ఎక్కిస్తున్నట్టు.
మేం సీఐటీడీల (టూల్ డిజైన్ నేర్పే సంస్థ) నేర్చుకున్నప్పుడు మాస్టారు ఈ గ్రీజు ముద్ద పని ఒక్కొక్కరితోని చేయించి చూసేటోడు. రజను కనబడితే మల్ల మొదటికెళ్లి.

కొత్త_అప్రెంటిస్
సీఐటీడీ అంటే బాలానగర్‌దేనా? మాకు అందులోనే షార్ట్ కోర్సు ఉంది వచ్చే నెల.

బాలానగర్_లేత్
గదే. 1968ల పెట్టింది. పోయినప్పుడు త్రెడ్డు ప్లగ్ గేజులు ఎక్కడుంటయో అడుగు, సంతోషపడతరు.

సీఎన్‌సీ_పటాన్‌చెరు
ఒక్క సీరియస్ మాట. కారుతున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి గన్ కొట్టే అలవాటు ఉన్నవాళ్లు మానేయండి. చేతి గన్ కూడా వందల బార్ల ప్రెజర్ ఇస్తుంది. తప్పు త్రెడ్డు సందులోంచి వచ్చే సన్నటి ధార చర్మంలోకి దిగుతుంది. బయట సూది గుచ్చినంత చుక్కే కనపడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. మా దగ్గర ఒకాయన పసుపు పెట్టుకుని ఇంటికెళ్లాడు, మర్నాటికి వేలు వంకాయలా అయ్యింది, ఆపరేషన్ చేశారు. చుక్క కనపడితే ఆ నిమిషమే పెద్దాసుపత్రికి, "గ్రీజు ప్రెజర్‌తో లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పాలి.

లారీ_సత్తెన్న
ఇది మాత్రం నిజం. నేను బొటనవేలు పెట్టేటోన్నే. ఇయ్యాల్టి నుంచి బంద్.

చర్లపల్లి_మెయింటెనెన్స్
అప్‌డేట్. శనివారం పాత నిపుల్ జేబులో వేసుకుని రాణిగంజ్ వెళ్లా, ఇంకో షాపుకి. "పీటీ 1/8" అన్నాను. కౌంటర్ మీద ఉన్నాయన ఏమీ అనకుండా పాతదాన్ని ఒక ఇత్తడి సాకెట్‌లో తిప్పి, మూడు చుట్లు పోయాక తల ఊపి, ట్రే లాగాడు. పదిహేను తెచ్చా.
ఎనిమిదింట్లో ఆరు చేత్తో మూడు చుట్లు, పానాతో ఒకటింపావు, కూర్చున్నాయి. గన్ కొడితే రెండో వైపు నుంచి నల్లటి పాత గ్రీజు బయటికొచ్చింది. ఎన్నాళ్లయ్యిందో ఆ పిన్నులు కొత్త గ్రీజు చూసి. నేను పానాతో మరీ ఎక్కువ బలవంతం చేసిన మిగతా రెండు హోల్స్ మూతి దగ్గర మొదటి త్రెడ్డు నలిగింది. 1/8 బీఎస్‌పీ టేపర్ ట్యాపు అరువు తెచ్చి, చేత్తోనే మెల్లగా, గ్రీజు ముద్ద పెట్టి, దారి చేశా. అవీ కూర్చున్నాయి. తొమ్మిదోదానికి ప్రస్తుతానికి ఎం10×1, సీలెంట్. దీపావళి షట్‌డౌన్‌లో బుష్ వేస్తా. అందాకా ఆ ఒక్క నిపుల్ తలకి ఎర్ర పెయింటు పూసి, పక్కన హౌసింగ్ మీద మార్కర్‌తో "ఎం10" అని రాశా.

వెర్నియర్_రాణి
మార్కర్ గ్రీజుకి చెరిగిపోతుంది. అక్షరాల పంచ్‌తో కొట్టండి. మాన్యువల్‌లో ఆ పేజీలో కూడా రాయండి.

చర్లపల్లి_మెయింటెనెన్స్
సరే మేడమ్. ఇంకో సమస్య. గన్ ఇప్పుడు కొత్త నిపుల్‌ని పట్టుకుంటే వదలట్లేదు. గుంజితే నిపుల్‌తో సహా ఊడొస్తుందేమోనని భయంగా ఉంది.

రాణిగంజ్_కౌంటర్
పాత నిపుల్ పట్టక ఒక బాధ, కొత్త నిపుల్ వదలక ఒక బాధ.

బాలానగర్_లేత్
సీదా గుంజకు. లోపల ప్రెజర్ నిలిచి దవడలు పట్టుకొని ఉంటయి. గన్ మూతిని పక్కకి జర వంచు, టక్కుమని వదుల్తది. వదలకపోతే గన్ మూతినే హోస్ కాడ అర చుట్టు లూజు చెయ్యి, ప్రెజర్ దిగుతది.

చర్లపల్లి_మెయింటెనెన్స్
వంచితే వచ్చేసింది. గన్ మూతి హోస్ కాడ కూడా సన్నగా కారుతోంది. దాని త్రెడ్డు ఏంటో...

పానా13
కొత్త త్రెడ్డు తెరువు తమ్మీ.